పాలారు ఒడ్డున ఆ పచ్చదనం ఎవరిది?

మే నెలలో తీసిన ఉపగ్రహ చిత్రం ఒకటి ముందు పెట్టుకుని పాలారు వెంబడి వేలు పోనిస్తే ఒక వింత కనిపిస్తుంది. అప్పటికి ఏటిలో చుక్క నీరుండదు. చిత్రంలో మాత్రం ఇసుక తెల్లగా మెరవాల్సిన చోట దట్టమైన ఆకుపచ్చ మచ్చలు. ఈ ప్రాంతం ఎరగనివాళ్లు చూస్తే ఏరు ఎంత కళగా ఉందో అనుకుంటారు. ఒడ్డున బతికేవాళ్లకు మాత్రం ఆ పచ్చదనం ఏమిటో చిత్రం చూడకుండానే తెలుసు. అది కంప.

నదుల ఒడ్డున చెట్టూచేమా ఎంత ఆరోగ్యంగా ఉన్నాయో ఉపగ్రహాల సాయంతో కనిపెట్టడం ఇప్పుడు కొత్త విద్యేమీ కాదు. చిత్రాలు ఉచితంగా దొరుకుతున్నాయి. చదవడం తెలిసినవాళ్లు మన కాలేజీల్లోనే ఉన్నారు. పాలారు లాంటి చితికిపోయిన నదికి ఇది నిజంగా పనికొచ్చే సాధనం. అయితే దాన్ని ‘ఎంత పచ్చగా ఉంది’ అని మాత్రమే అడిగితే తప్పుడు జవాబే వస్తుంది. ఏది పచ్చగా ఉంది, ఎప్పుడు పచ్చగా ఉంది, అక్కడ ముందు ఏముండేది అని అడగాలి. ఈ ప్రశ్నలు రాజధానుల్లో కంప్యూటర్ల ముందు కూర్చున్నవాళ్లు మాత్రమే అడిగితే చాలదు. ఒడ్డున ఉన్న మనమూ అడగాలి.

మూడు రాష్ట్రాలు, ఒకటే ఏరు

పాలారు కర్ణాటకలోని నంది కొండల్లో పుడుతుంది. కోలారు జిల్లా మీదుగా 93 కిలోమీటర్లు, కుప్పం ప్రాంతంలో 33 కిలోమీటర్లు, తమిళనాడులో 222 కిలోమీటర్లు, మొత్తం 348 కిలోమీటర్లు ప్రయాణించి వయలూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. బేతమంగళం మొదలు కుప్పం, వాణియంబాడి, ఆంబూరు, వేలూరు దాకా దారి పొడవునా తెలుగు మాట్లాడే ఊళ్లున్నాయి. పైనున్న పిల్లను కిందికి, కిందున్న పిల్లను పైకి ఇచ్చుకునే సంబంధాలున్నాయి. ఏరు చుట్టాలను కలిపింది గానీ ప్రభుత్వాలను కలపలేకపోయింది.

1892 నాటి మైసూరు-మద్రాసు ఒప్పందంలోని నదుల జాబితాలో పాలారు ఉంది. ఆ ఒప్పందాన్నే ఆధారం చేసుకుని, కుప్పం దగ్గర జలాశయం కట్టే ప్రతిపాదన మీద తమిళనాడు 2006లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2016లో సరిహద్దులోని పుల్లూరు చెక్ డ్యాం ఎత్తు పెంచినప్పుడు మళ్లీ రగడ. నీళ్లొచ్చే నాలుగు రోజుల గురించి ఇంత పోట్లాట నడుస్తోంది. మిగతా ఏడాదంతా ఒడ్డు ఏమవుతోందో పట్టించుకున్న ప్రభుత్వం మాత్రం ఒక్కటీ కనిపించదు.

ఒడ్డు అంటే మట్టిగట్టు ఒక్కటే కాదు. మద్ది, కానుగ, నేరేడు, మేడి, వావిలి పొదలు, రెల్లు, తుంగ, జమ్ము. ఇవి గట్టును వేళ్లతో పట్టుకుంటాయి. పొలం మీద నుంచి కొట్టుకొచ్చే మట్టిని, ఎరువులను ఏటిలో పడకముందే వడగడతాయి. వరద వేగాన్ని కాస్త తగ్గిస్తాయి. పాలారు అంటే ఎండిన ఏరే కదా అని తేలిగ్గా తీసుకోవడానికి లేదు. 1903 నవంబరులో ఇదే ఏరు వాణియంబాడిని ముంచి ప్రాణాలు తీసింది. 2021 నవంబరులో మళ్లీ దశాబ్దాల తరబడి చూడనంత వరద వచ్చింది. ఒడ్డు చెట్లు ఉన్నాయా, బతికున్నాయా, చస్తున్నాయా అన్నది అందుకే ఊళ్ల భద్రతకు సంబంధించిన ప్రశ్న.

ఉపగ్రహం ఏం చూస్తుంది?

ఆకుకు ఒక గుణం ఉంది. సూర్యకాంతిలో ఎరుపు భాగాన్ని అది ఆహారం తయారీకి వాడుకుంటుంది కాబట్టి చాలా తక్కువే వెనక్కి పంపుతుంది. మన కంటికి కనిపించని పరారుణ కాంతిని మాత్రం బాగా వెనక్కి కొడుతుంది. ఆకు ఎంత దట్టంగా, ఎంత నవనవలాడుతూ ఉంటే ఈ రెండింటి మధ్య తేడా అంత ఎక్కువ. ఉపగ్రహంలోని కెమెరా ఈ రెండు కాంతులనూ విడివిడిగా కొలుస్తుంది. పరారుణంలోంచి ఎరుపును తీసేసి, ఆ వచ్చినదాన్ని రెండింటి మొత్తంతో భాగిస్తే ఒక అంకె వస్తుంది. దాన్నే శాస్త్రజ్ఞులు ఎన్.డి.వి.ఐ. అంటారు.

ఉదాహరణకు ఒక తోట పరారుణంలో 45 పాళ్లు, ఎరుపులో 8 పాళ్లు వెనక్కి పంపిందనుకోండి. 37ను 53తో భాగిస్తే దాదాపు 0.70. ఎండుగడ్డి 30, 20 పంపితే 0.20. ఇసుక సున్నాకు దగ్గరగా ఉంటుంది. నిలిచిన నీళ్లు సున్నా కంటే కిందికి పోతాయి. అంటే ఈ ఒక్క అంకెతో ఏది తోట, ఏది బీడు, ఏది నీరు అన్నది కోసుల దూరం నడవకుండానే చెప్పేయవచ్చు. దీనికి తోడు ఆకులోని తేమను పట్టిచ్చే మరో రకం కాంతి ఉంది. చెట్టుకు నీళ్లు అందకపోతే ఆకు పసుపెక్కకముందే అక్కడ తేడా కనిపించడం మొదలవుతుంది. మనం ఎండిన మట్టలు చూసి గుర్తుపట్టేదాన్ని అది కొంచెం ముందే చెప్పగలదన్నమాట.

ఈ చిత్రాలు ఇప్పుడు అపురూపం కాదు. అమెరికా వాళ్లు ల్యాండ్‌శాట్ చిత్రాల భాండారాన్ని 2008లో ఉచితం చేశారు. ఐరోపా వాళ్ల సెంటినెల్-2 ఉపగ్రహాల్లో మొదటిది 2015లో, రెండోది 2017లో ఎగిరాయి. జంటగా తిరుగుతూ ప్రతి అయిదు రోజులకు ఒకసారి మన నెత్తి మీద నుంచి పోతాయి. ఆ చిత్రాలూ ఉచితమే. మన దేశం 1988లో ఐ.ఆర్.ఎస్.-1ఎ పంపినప్పటి నుంచి ఈ రంగంలో ఉంది. హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం 2009 నుంచి భువన్ ద్వారా చిత్రాలను జనం ముందు పెడుతోంది. 5 మీటర్లు, అంతకంటే ముతక చిత్రాలు అందరికీ ఉచితంగా అందాలని 2023 నాటి భారత అంతరిక్ష విధానమే చెప్పింది. కాబట్టి డబ్బుల్లేవు, పటాల్లేవు అనే సాకు ఇక చెల్లదు.

కంప కూడా పచ్చనే

అసలు చిక్కు ఇక్కడ మొదలవుతుంది. తెల్లనివన్నీ పాలు కావని పాత సామెత. పాలారు ఒడ్డుకొచ్చేసరికి పచ్చనివన్నీ చెట్లే గానీ, ఏటికి కావాల్సిన చెట్లు కావు.

మనం సర్కారు తుమ్మ అనీ, కంప అనీ పిలుస్తాం. తమిళంలో సీమై కరువేలం. వేలూరు వైపు వేలికాత్తాన్ అంటారు, అంటే కంచె కాపలాదారు. కోలారు వైపు బళ్లారి జాలి. మూడు భాషల్లో పేరు మారినా ముల్లు ఒకటే. ఇది మన నేల చెట్టు కాదు. 1870ల చివర్లో మద్రాసు అటవీ శాఖ వాళ్లు జమైకా నుంచి విత్తనాలు తెప్పించి కడప జిల్లా కమలాపురంలో నాటించారు. కరువు సీమలో వంటచెరుకు దొరుకుతుందన్నది వాళ్ల ఆలోచన. వంటచెరుకు దొరికింది. దాంతో పాటు చెరువులు, వాగులు, ఏటి పొరంబోకులు కూడా దాని పాలయ్యాయి.

ఈ చెట్టు వేళ్లు చాలా లోతుకు పోతాయి. భూగర్భ జలం దిగిపోయి కానుగ, మద్ది వాడిపోయిన చోట కూడా ఇది పచ్చగా నిలబడుతుంది. దాని కింద ఇంకో మొక్క మొలవడం కష్టం. కాయలు తిన్న మేకలు, పశువులు పేడతో విత్తనాలను ఊరూరా చల్లుతాయి. ఏటి మధ్య గుబురుగా పెరిగితే వరద నీరు దారి దొరక్క ఒడ్డును కోస్తుంది. ఇక మన ఉపగ్రహం లెక్కలో దీని పరిస్థితి ఏంటి? నిండు ఆకు, నిగనిగలాడే పచ్చదనం, మంచి మార్కులు. అంటే నది ఎంత చెడితే ఈ అంకె అంత బాగుండే అవకాశం ఉందన్నమాట. జ్వరంతో ఒళ్లు కాలిపోతున్నవాణ్ణి చూసి మొహం ఎర్రగా కళకళలాడుతోందని మురిసిపోయినట్టు.

చెరువుల సంగతీ ఇంతే. గుర్రపుడెక్క కమ్మేసిన చెరువు ఈ పటంలో అందరికంటే పచ్చగా వెలుగుతుంది. నిజానికి అది మురుగు ఎక్కువైందనడానికి గుర్తు. కోలారు జిల్లా చెరువులకు 2018 నుంచి బెంగళూరు మురుగునీటిని శుద్ధి చేసి పంపుతున్నారు. ఎండిన చెరువులకు నీళ్లు రావడం, బోర్లలో ఊట పెరగడం సంతోషమే. కానీ పాలారు పుట్టుక చోటే ఇలాంటి నీరు నిలుస్తున్నప్పుడు, చెరువు చుట్టూ పచ్చదనం పెరిగిందన్న ఒక్క పటం చూపించి అంతా క్షేమం అంటే కుదరదు. ఆ పచ్చ తుంగదా, గుర్రపుడెక్కదా అని అడగాల్సిందే.

లెక్క తప్పే చోట్లు

ఇది మన ఒక్క ఏటి గొడవ కాదు. దేశంలో అడవి ఎంతుందో రెండేళ్లకోసారి చెప్పే భారత అటవీ సర్వే లెక్కనే తీసుకోండి. కనీసం ఒక హెక్టారు స్థలంలో చెట్ల నీడ 10 శాతం మించితే అది అటవీ విస్తీర్ణం కిందికే వస్తుంది. భూమి ఎవరిదైనా ఫర్వాలేదు, చెట్టు ఏదైనా ఫర్వాలేదు. మామిడి తోటా అందులోకే, కంప గుబురూ అందులోకే. దేశం మొత్తాన్ని ఒక్క చూపులో చూడాలంటే ఇలాంటి నిర్వచనం అవసరమేమో. కానీ ఒక నది ఒడ్డు ఆరోగ్యం చెప్పడానికి అది పనికిరాదు. హెక్టారుకు తక్కువగా ఉన్న సన్నటి చెట్ల వరుస ఆ లెక్కలో అసలు కనిపించనే కనిపించదు.

చెట్ల వరుస సన్నగా ఉండటమే రెండో చిక్కు. ఉపగ్రహ చిత్రం చిన్న చిన్న గడులతో తయారవుతుంది. ల్యాండ్‌శాట్ గడి 30 మీటర్ల చదరం, మన లెక్కలో దాదాపు 22 సెంట్లు. మన రిసోర్స్‌శాట్‌లోని లిస్-3 కెమెరా గడి 23.5 మీటర్లు, అంటే పదమూడున్నర సెంట్లు. సెంటినెల్-2 గడి 10 మీటర్లు, రెండున్నర సెంట్లు. ఏటి గట్టు మీద కానుగ చెట్ల వరుస వెడల్పు చాలాచోట్ల పది పదిహేను మీటర్లకు మించదు. పెద్ద గడిలో అది సగం ఇసుకతోనో, సగం చెరకు తోటతోనో కలిసిపోతుంది. అప్పుడు వచ్చే అంకె చెట్టుదీ కాదు, ఇసుకదీ కాదు. అందుకే పాలారు లాంటి ఏటికి 10 మీటర్లు, లేదా మన లిస్-4 ఇచ్చే 5.8 మీటర్ల చిత్రాలే కావాలి. ముతక పటాలతో తయారైన నివేదికలను నమ్మకూడదు.

మూడోది మబ్బు. పాలారుకు నీళ్లు తెచ్చేది ఎక్కువగా ఈశాన్య రుతుపవనమే. సరిగ్గా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మబ్బు కమ్ముకుని మామూలు కెమెరాలకు నేల కనిపించదు. దీనికి విరుగుడు రాడార్ ఉపగ్రహాలు. అవి మబ్బులోంచి, చీకట్లోంచి కూడా చూస్తాయి. నాసా, ఇస్రో కలిసి తయారుచేసిన నిసార్ ఉపగ్రహాన్ని 2025 జులై 30న శ్రీహరికోట నుంచే ప్రయోగించారు. 12 రోజులకోసారి అదే చోటు మీదకు వచ్చేలా దాన్ని రూపొందించారు. మన ఇంటి పక్క నుంచి ఎగిరిన ఉపగ్రహం మన ఏటిని చూడటానికి వాడుకోకపోతే ఇంకెందుకు?

ఏడాది పొడవునా చూస్తే

మరి కంపను, కానుగను వేరు చేయడం ఎలా? ఒక్క చిత్రం చూస్తే కష్టం. ఏడాదంతా చూస్తే చాలావరకు వీలవుతుంది. కానుగ, మద్ది వేసవి మొదట్లో ఆకు రాల్చి మళ్లీ చిగురేస్తాయి. రెల్లు, తుంగ వానలయ్యాక పచ్చబడి ఎండలకు పండిపోతాయి. పైరు నాటితే పచ్చ, కోస్తే బోడి. కంప మాత్రం పన్నెండు నెలలూ దాదాపు ఒకే తీరుగా ఉంటుంది. ఒక్కో గడి అంకెను నెలవారీగా గీత గీస్తే ఎవరి గీత వాళ్లదే. పైకీ కిందికీ ఊగే గీత మన చెట్లది, పైన బల్లపరుపుగా ఉండే గీత కంపదని అనుమానించాలి.

అనుమానించాలి అని ఎందుకు అంటున్నానంటే, కొబ్బరి తోట గీత కూడా బల్లపరుపుగానే ఉంటుంది. పాలారు పొడవునా కొబ్బరి ఉంది. కంప్యూటరు పొరపడేది ఇక్కడే. ఈ సర్వే నంబర్లో ఉన్నది తోటా, కంపా అని చెప్పడానికి శాస్త్రజ్ఞుడు అక్కర్లేదు. ఊళ్లో పశువులు తోలుకెళ్లే కుర్రాడు చెబుతాడు. ప్రతి ఊళ్లో ఒక పది చోట్ల ఏముందో నడిచి చూసి గుర్తు పెడితే, మిగతా గడులను ఆ లెక్క మీద కంప్యూటరు సరిచేసుకుంటుంది. నేల మీద సరిచూడని ఉపగ్రహ పటం సాక్షి సంతకం లేని పత్రం లాంటిది.

నలభై ఏళ్ల సాక్ష్యం

ఈ చిత్రాల్లో మనకు అన్నిటికంటే విలువైనది పాత చిత్రాల భాండారం. ల్యాండ్‌శాట్ 1972 నుంచి తిరుగుతోంది. 30 మీటర్ల చిత్రాలు 1980ల నుంచి ఉన్నాయి. అంటే పాలారు నాశనమైన కాలం దాదాపు అంతా ఆ భాండారంలో ఉంది. ఇసుక క్వారీలను తమిళనాడు ప్రభుత్వం 2003లో తన చేతుల్లోకి తీసుకుంది. ఆ ముందు ఒడ్డెలా ఉంది, ఆ తర్వాత ఎలా ఉంది? ఏ ఊరి దగ్గర ఇసుక తోడేశాక ఎన్నేళ్లకు కొబ్బరి వాడింది? ఏ చెక్ డ్యాం కట్టాక దాని పైన అయిదు కిలోమీటర్ల ఒడ్డు పచ్చబడింది, కింద అయిదు కిలోమీటర్లు ఏమైంది? ఇవన్నీ నోటి మాటలుగా మిగలాల్సిన అవసరం లేదు. 30 మీటర్ల చిత్రంలో సన్నటి చెట్ల వరుస తెలియకపోవచ్చు, తోటలూ ఇసుక తిన్నెలూ తెలుస్తాయి. ఏ ఏడాదికా ఏడాది పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు.

చెక్ డ్యాం ప్రశ్న అడిగితే కుప్పం వైపు వాళ్లకు కోపం రావచ్చు, ఇసుక ప్రశ్న అడిగితే వాణియంబాడి వైపు వాళ్లకు కోపం రావచ్చు. రెండు వైపులా మనవాళ్లే. అయినా రెండూ అడగాలి. పైవాడు నీళ్లాపాడని కిందివాడు, కిందివాడు ఇసుకమ్ముకున్నాడని పైవాడు ఒకరి మీద ఒకరు చెప్పుకుంటూ పోతే మధ్యలో ఏరు పోతోంది. ఉపగ్రహానికి సరిహద్దు రాయి కనిపించదు. అది ఒక పార్టీదీ కాదు, ఒక రాష్ట్రానిదీ కాదు. ఈ గొడవలో దానికున్న గొప్ప అర్హత అదే.

తోలు, తీర్పు

ఈ మాట ఇప్పుడే చెప్పడానికి ఒక కారణముంది. వాణియంబాడి, ఆంబూరు, రాణిపేట తోలు శుద్ధి కర్మాగారాల కాలుష్యం మీద సుప్రీంకోర్టు 1996 ఆగస్టులో ఇచ్చిన తీర్పు దేశమంతా పేరు పొందింది. పాడు చేసినవాడే మూల్యం చెల్లించాలన్న సూత్రం మన దేశ చట్టంలో భాగమని చెప్పింది ఆ తీర్పులోనే. ముప్పై ఏళ్లు కావస్తున్నా ఒడ్డు రైతుల కష్టం తీరలేదు. 2025 జనవరి 30న సుప్రీంకోర్టు మళ్లీ జోక్యం చేసుకుని, బాధితులకు పరిహారం ఇవ్వాలనీ, విశ్రాంత హైకోర్టు న్యాయమూర్తి నాయకత్వంలో కమిటీ వేసి పరిస్థితిని పరిశీలించాలనీ ఆదేశించింది.

ఇలాంటి పరిశీలనలో రేపు ఉపగ్రహ పటాలు బల్ల మీదకు రావడం ఖాయం. వస్తే మంచిదే. కానీ ‘పదేళ్ల కింద ఒడ్డున పచ్చదనం ఇంత, ఇప్పుడు అంత, కాబట్టి నది కోలుకుంది’ అని ఎవరైనా ఒక్క గీత చూపిస్తే మన పరిస్థితి ఏంటి? ఉప్పు దిగిన నేలలో పైరు చచ్చిపోతుంది, కంప బతుకుతుంది. పైరు పోయి కంప వచ్చిన పొలం పటంలో పచ్చగానే ఉంటుంది. ఏడాదికి నాలుగు నెలలు పచ్చగా ఉండే వేరుశనగ చేను పోయి, పన్నెండు నెలలూ పచ్చగా ఉండే ముళ్లపొద వచ్చిందంటే, సగటు తీస్తే పచ్చదనం పెరిగినట్టే! నష్టపోయిన రైతు లాభపడినట్టు లెక్క తేలుతుంది. పరిహారం అడిగేవాడి చేతిలో ఆయుధం కావాల్సిన పటం ఎగ్గొట్టేవాడి చేతిలో కవచమవుతుంది. క్రోమియం, ఉప్పు నేరుగా ఈ చిత్రాల్లో కనిపించవన్నది కూడా గుర్తుంచుకోవాలి. బావినీళ్ల పరీక్ష పక్కన పెట్టి చదివినప్పుడే పటానికి అర్థం.

పటం ఎవరి మీద పడుతుంది?

ఇంకో భయం కూడా ఉంది, అది న్యాయమైనదే. ఏటి పొరంబోకులో అరెకరం, ముప్పావు ఎకరం దున్నుకుని బతికే పేదలు మూడు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. పటం తయారైన మరుసటి నెలలో రెవెన్యూ వాళ్లొచ్చి ముందు వీళ్లనే ఖాళీ చేయమంటే? ఎకరాలకు ఎకరాలు కలుపుకున్న పెద్దల జోలికి పోకుండా గుడిసెలు పీకితే? అనుభవం చెప్పేది ఇదే కాబట్టి జనం పటం అంటేనే బెదురుతారు. ఒడ్డు బాగుకోసం వేసే పటం ఒడ్డు బాగుకే వాడతామని, ఆక్రమణల తొలగింపును దానితో ముడిపెట్టబోమని ప్రభుత్వాలు ముందే రాతపూర్వకంగా చెప్పాలి. లేకపోతే ఊళ్లో ఒక్కరూ సహకరించరు. ఊరు సహకరించని పటం పనికిరాదు.

కంప తీసేయడం కూడా కనిపించినంత తేలిక కాదు. కంప కొట్టి, బొగ్గు కాల్చి, కట్టెలమ్మి పొయ్యి వెలిగించుకునే కుటుంబాలున్నాయి. ఇంకో సంగతి ఉంది. కంప ముళ్లకు భయపడి ఇసుక తోడేవాడు ఆగిన చోట్లున్నాయి. అక్కడ ఒకేసారి జేసీబీ పెట్టి పెకలిస్తే, ఆ మరుసటి రోజు వచ్చేది మొక్కలు నాటే బండి కాదు, ఇసుక లారీ. తమిళనాడు 2022లో పరాయి మొక్కల తొలగింపు, ఆవాసాల పునరుద్ధరణ కోసం ఒక విధానమే ప్రకటించింది. తొలగింపు ఎంత ముఖ్యమో పునరుద్ధరణ అంత ముఖ్యం. ముక్క ముక్కగా తీయాలి, తీసిన ముక్కలో ఆ వానకే కానుగ, మద్ది, నేరేడు పెట్టాలి, కూలి ఆ బొగ్గు కాల్చే కుటుంబాలకే ఇవ్వాలి. తీసిన చోట గుంత పడిందా, మొక్క లేచిందా అన్నది ఉపగ్రహం చూసి పెడుతుంది. అయితే నాటిన మొక్క మొదటి రెండు మూడేళ్లు ఆ గడిలో కనిపించేంత ఎదగదు. అంతవరకు కాలినడకన లెక్క పెట్టాల్సిందే. మొక్కలు నాటామని ఫొటో దిగి, ఆ తర్వాత ఉపగ్రహానికి వదిలేస్తే రెండేళ్లకు అక్కడ మళ్లీ కంపే ఉంటుంది.

చేయాల్సింది ఏంటి?

మొదటిది, నంది కొండల నుంచి వయలూరు దాకా 348 కిలోమీటర్లకూ ఒకే పటం. ఇప్పుడు కర్ణాటకకు బెంగళూరులో, ఆంధ్రప్రదేశ్‌కు విజయవాడలో సొంత రిమోట్ సెన్సింగ్ కేంద్రాలున్నాయి. చెన్నైలో అన్నా విశ్వవిద్యాలయం సంస్థ ఉంది. ఎవరి పటం వాళ్ల సరిహద్దు రాయి దగ్గర ఆగిపోతే నది ముక్కలైనట్టే. హైదరాబాదులోని జాతీయ కేంద్రం ఈ ముగ్గుర్నీ కూర్చోబెట్టి ఒకే కొలతతో, ఒకే తేదీల చిత్రాలతో పని చేయించాలి. నీళ్ల వాటా గురించి ఒప్పందం కుదరకపోయినా ఒక పటం గురించి ఒప్పందం కుదరకపోవడానికి కారణం లేదు.

రెండోది, ఏటా కనీసం రెండుసార్లు, మే నెలలో ఒకటి, వానలయ్యాక జనవరిలో ఒకటి, పటాన్ని గ్రామసభ ముందు పెట్టాలి. పచ్చదనం ఎంత అనే ఒక్క రంగు కాకుండా కంప, ఒడ్డు చెట్లు, తోట, గడ్డి, ఇసుక, గుంత అని విడివిడిగా చూపించాలి. ఊరివాళ్లు తప్పుంటే దిద్దాలి, ఆ దిద్దుబాటు పటంలోకి ఎక్కాలి. పక్కనే ఆ ఊరి బోర్ల లోతు, బావినీళ్లలో ఉప్పు ఎంతుందో రాయాలి.

మూడోది, భాష. ఈ ఏటి వెంబడి కన్నడం, తెలుగు, తమిళంతో పాటు వాణియంబాడి, ఆంబూరుల్లో ఉర్దూ కూడా వినిపిస్తుంది. నివేదిక ఇంగ్లీషులో వేసి వెబ్‌సైట్‌లో పెట్టి చేతులు దులుపుకుంటే అది మనకోసం చేసినట్టు కాదు. కుప్పం ద్రావిడ విశ్వవిద్యాలయం, వేలూరు తిరువళ్లువర్ విశ్వవిద్యాలయం విద్యార్థులను ఊరికి ఇద్దరు చొప్పున పంపినా ఈ పని జరుగుతుంది. సెల్‌ఫోన్‌లో చోటు గుర్తు పెట్టి చెట్టు పేరు రాయడం డిగ్రీ పిల్లలకు కష్టమేమీ కాదు. చెట్టు పేర్లు మాత్రం ఊళ్లో పెద్దవాళ్లను అడిగి తెలుసుకోవాలి. మద్ది ఏదో, మేడి ఏదో తెలిసిన తరం ఇంకా ఉంది. వాళ్లుండగానే ఈ పని మొదలుపెట్టాలి.

ఇందులో కోట్ల ఖర్చేమీ లేదు. చిత్రాలు ఉచితం, కేంద్రాలు ఉన్నాయి, కుర్రాళ్లు ఉన్నారు. లేనిదల్లా మూడు ప్రభుత్వాలు ఒక బల్ల చుట్టూ కూర్చోవాలన్న మనసు. పరిహారం, పునరుద్ధరణ పేరుతో డబ్బు ఖర్చు పెట్టకముందే ఈ పటం తయారవ్వాలి. ముందు ఒడ్డు ఎలా ఉందో రాసి పెట్టుకోకపోతే, రేపు బాగుపడిందో లేదో తేల్చేది ఆ డబ్బు ఖర్చు పెట్టినవాళ్లే అవుతారు.